స్కూలు ల్యాబులో మంట: స్పిరిట్ ల్యాంపు, గ్యాస్ బర్నర్, హాట్ ప్లేట్‌లలో ఏది ఎవరి చేతికి?

హోసకోట రోడ్డులో మా వదిన వాళ్ళ ట్రస్టు నడిపే స్కూలుకి ఈ ఏడాది పదో తరగతి వచ్చింది. ఇన్నాళ్ళూ అక్కడ సైన్సు గది అంటే ఒక అల్మారా, రెండు బల్లలు, పన్నెండు స్పిరిట్ ల్యాంపులు. ఇప్పుడు సరైన ల్యాబు కట్టుకోవాలి. "పంతొమ్మిదేళ్ళుగా బెంగళూరులో కెమిస్ట్రీ ల్యాబులోనే ఉన్నావు కదమ్మా, ఏది కొనాలో ఒక్క మాట చెప్పేసెయ్, రేపే ఆర్డరు పెడతా" అంది ఫోన్లో. ఒక్క మాటలో తేలే సంగతి కాదు వదినా అని చెప్పి, ఆదివారం టేపూ సబ్బునీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళాను. అక్కడ కూర్చుని చెప్పిందే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను. బెంగళూరు తూర్పు వైపు కేఆర్ పురం నుంచి వర్తూరు దాకా మనవాళ్ళు నడిపే చిన్న స్కూళ్ళు చాలా ఉన్నాయి. ల్యాబు కట్టేటప్పుడు వాళ్ళందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే.

డీలరు ఇచ్చిన కొటేషన్‌లో వస్తువు పేరు, ధర, ఎన్ని కావాలి అన్నవే ఉన్నాయి. నేను ముందు వేరే రెండు ప్రశ్నలు అడిగాను. మండే ఇంధనం మంటకి ఎంత దూరంలో ఉంటుంది? ఏదైనా అయితే దాన్ని ఆపే పిడి ఎవరి చేతికి అందుతుంది, ఎంతసేపట్లో అందుతుంది? ఈ రెండిటికీ జవాబు దొరికాక ధర సంగతి చూసుకోవచ్చు.

స్పిరిట్ ల్యాంపు

తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళకి దీన్ని సారాయి దీపం అంటే వెంటనే గుర్తొస్తుంది. గాజు బుడ్డి, ఒత్తి, మూత. చవక, పైపుల పని లేదు, ఎక్కడంటే అక్కడ పెట్టుకోవచ్చు. దేవుడి దగ్గర వెలిగించే దీపంలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ భయం వెయ్యదు. నా ఉద్దేశంలో దీంతో వచ్చే చిక్కంతా అక్కడే ఉంది. ఇంధనమంతా మంటకి రెండంగుళాల కింద, పగిలిపోయే గాజులో, పిల్లాడి మోచేతి పక్కనే ఉంటుంది. మోచెయ్యి తగిలితే మంట, ఇంధనం, గాజు మూడూ కలిసి ఒళ్ళో పడతాయి. ఆపడానికి పిడి అంటూ ఏదీ లేదు.

స్పిరిట్‌లో ఉండేది ముఖ్యంగా ఇథనాల్. 13 నుంచి 17 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునేంతగా పైకి లేస్తుంది. బెంగళూరులో డిసెంబరు మధ్యాహ్నం కూడా గది అంతకంటే వెచ్చగానే ఉంటుంది. అంటే మూత తీసిన స్పిరిట్ సీసా చుట్టూ ఎప్పుడూ కంటికి కనిపించని ఆవిరి ఉన్నట్టే లెక్క. ఆ ఆవిరి గాలి కంటే బరువు, బల్ల మీదుగా పాకుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు జరిగింది చెబుతాను. ఉదయం రెండో పీరియడ్. తూర్పు కిటికీ పక్క బల్ల మీద ఎండ నేరుగా పడుతోంది. ఒక ల్యాంపులో స్పిరిట్ అడుగంటింది. మా అటెండరు కోలారు వైపు మనిషి, ఏ పనైనా జాగ్రత్తగా చేస్తాడు. అర లీటరు సీసా తెచ్చి, "ఆరిపోయిందండీ మేడమ్, పోసేస్తా" అన్నాడు. నేనూ చూశాను. ఒత్తి నల్లగా ఉంది, మంట కనబడలేదు. పొయ్యమని తలూపాను. స్పిరిట్ మంట పల్చటి నీలం రంగులో ఉంటుంది, ఎండలో కంటికి ఆనదు. సీసా వంచగానే మంట ధార వెంబడి పైకి పాకి మూతిలోకి దూరింది. భగ్గుమన్న చప్పుడొకటి వచ్చింది, అతను సీసా వదిలేశాడు. బల్ల ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నీలంగా అంటుకుంది. రికార్డు పుస్తకం అట్ట కాలుతున్నచోట మాత్రమే పసుపు రంగు కనిపించింది. తడి గోనెపట్టా కప్పి ఆర్పాం. అతని కుడిచేతి మూడు వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆ బల్ల ముందు కూర్చోవలసిన అమ్మాయి అంతకు ఒక్క నిమిషం ముందే గ్రాఫు కాగితం తెచ్చుకోవడానికి లేచి వెళ్ళింది. ఆ ఖాళీ స్టూలు ఇప్పటికీ నా కళ్ళముందు ఉంటుంది. తలూపింది నేనే కదా.

ఇది మన దగ్గరే జరిగేది కాదు. 2014 సెప్టెంబరులో అమెరికాలో రెండు వారాల లోపే రెండుచోట్ల, రీనోలో ఒక మ్యూజియంలోనూ డెన్వర్‌లో ఒక స్కూల్లోనూ, పిల్లలకి మంటల ప్రయోగం చూపిస్తూ మిథనాల్ (స్పిరిట్‌లాగే మండే ద్రవం) సీసాలోంచి పోస్తుండగా మంట సీసాకి పట్టుకుంది, పిల్లలు కాలారు. ఆ దేశంలో రసాయన ప్రమాదాలను విచారించే కెమికల్ సేఫ్టీ బోర్డు అదే ఏడాది వీటి మీద హెచ్చరిక విడుదల చేసింది. రెండుచోట్లా ఇంధనపు సీసా మంట దగ్గరికి వచ్చింది. మా బల్ల మీద జరిగిందీ అదే.

ల్యాంపు వాడక తప్పని స్కూళ్ళు ఉంటాయి, నాకు తెలుసు. అలాంటప్పుడు నింపడం క్లాసులో కాకుండా ముందు రోజు సాయంత్రం వేరే గదిలో జరగాలి. బుడ్డి మూడింట రెండు వంతులకి మించి నిండకూడదు. అడుగంటేదాకా కాల్చకూడదు, ఎందుకంటే ఖాళీ అయిన చోటంతా ఆవిరే నిండుతుంది. ఆర్పడం మూతతోనే, నోటితో ఊదకూడదు. ఒక ల్యాంపుని వంచి ఇంకో ల్యాంపు వెలిగించడం పిల్లలకి మహా సరదా, దాన్ని మొదటి రోజే ఖండించాలి. సీసా మాత్రం, పిల్లలు గదిలో ఉన్నంతసేపూ, అల్మారాలో తాళం వేసి ఉండాలి.

గ్యాస్ బర్నర్

బున్సెన్ బర్నర్ పుట్టింది 1855లో, జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో. రాబర్ట్ బున్సెన్ ఆలోచన చెబితే, అక్కడ పరికరాలు తయారుచేసే పీటర్ డెసాగా దాన్ని చేసిపెట్టాడు. బున్సెన్‌కి మసి లేని, తనకంటూ రంగు లేని, బాగా వేడిగా ఉండే మంట కావాలి. లవణం రంగు మంటలో తేలాలంటే ముందు మంటకి సొంత రంగు ఉండకూడదు కదా. ఆ మంట ముందు కూర్చునే బున్సెన్, ఆయన తోటి శాస్త్రవేత్త కిర్కాఫ్ 1860, 1861లలో సీజియం, రుబీడియం మూలకాలను పట్టుకున్నారు. మన పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు, లవణంలో ఏముందో కనిపెట్టే సాల్ట్ ఎనాలిసిస్‌లో కాల్షియానికి ఇటుక ఎరుపు, స్ట్రాన్షియానికి ముదురు ఎరుపు, బేరియానికి ఆపిల్ పచ్చ చూసేది ఇప్పటికీ ఈ మంటలోనే. స్పిరిట్ ల్యాంపు మీద ఆ రంగులు నమ్మకంగా రావు. సున్నపురాయి సంగతైతే చెప్పక్కర్లేదు, 800 డిగ్రీలు దాటితే గాని అది సున్నంగా మారదు. పీయూసీ (కర్ణాటకలో ఇంటర్) దాకా వెళ్ళే స్కూలుకి గ్యాస్ బర్నర్ తప్పదు.

గ్యాస్ అనగానే వదిన ముఖం మారింది. "పిల్లల మధ్య సిలిండరా?" అంది. పిల్లల మధ్య సిలిండర్ వద్దనే నేనూ చెబుతున్నాను. సిలిండర్ భవనం బయట, గాలి ఆడే ఇనుప జాలీ గూడులో, తాళం వేసి ఉంటుంది. అక్కణ్ణించి గోడలోంచి లోహపు పైపు వస్తుంది. టీచరు బల్ల దగ్గర ఒక మెయిన్ వాల్వు, ప్రతి బల్లకీ ఒక కుళాయి. బర్నర్ దొర్లిపడినా దాంతోపాటు ఇంధనం ఒలకదు. టీచరు పిడి అడ్డంగా తిప్పిన మరుక్షణం గదిలోని మంటలన్నీ చల్లబడతాయి. నలభై మంది పిల్లల ముందు నిలబడే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? అందుకే నేను, చూడ్డానికి భయం గొలిపే గ్యాసునే, ఆ సాధువైన దీపం కంటే మంచిదంటాను.

పైపులైను ఖర్చు దండగనుకుని బల్ల కింద సిలిండర్ పెట్టే స్కూళ్ళని కూడా చూశాను. అది ల్యాంపు కంటే అన్యాయం. ఎల్పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు. లీకైతే పైకి పోదు, నీళ్ళలాగా నేల పట్టి పాకి గుంటల్లో, మోరీల్లో నిలబడిపోతుంది. గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిసినా అంటుకునే స్థితికి వస్తుంది. ఒక్క లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల వాయువవుతుంది. బెంగళూరులో స్థలం చాలక చాలామంది ల్యాబుని సెల్లారులో పెడుతున్నారు. సెల్లారు ల్యాబుకి ఎల్పీజీ వద్దే వద్దు, ఎవరెంత చెప్పినా వినకండి. నేల మీదున్న గదికైనా గోడ అడుగున, నేలకి జానెడు ఎత్తులోపు, గాలి పోయే జాలీలు ఉండాలి. ఇంకో సంగతి, ఇంట్లో వంటకిచ్చే 14.2 కిలోల సిలిండర్ స్కూలు ల్యాబులో వాడకూడదు. ఏజెన్సీతో మాట్లాడి వాణిజ్య కనెక్షన్, 19 కిలోల సిలిండర్, తీసుకోవాలి.

ఈ ఊళ్ళో కొన్ని లేఅవుట్లకి గెయిల్ గ్యాస్ వాళ్ళ పైపు గ్యాసు వచ్చింది. మీ రోడ్డులో ఉంటే నేను దానికే ఓటు వేస్తాను. సిలిండర్ మార్చే పని ఉండదు, పైగా అది సహజవాయువు, గాలి కంటే తేలిక. లీకైతే పైకి లేస్తుంది, కిటికీ పైభాగం తెరిచి ఉంటే బయటికి పోతుంది. ఎల్పీజీకి జాలీ కింద ఉండాలి, పైపు గ్యాసుకి పైన ఉండాలి. మేస్త్రీకి ఇది ముందే చెప్పాలి, ఏది వస్తుందో తెలియకపోతే రెండూ పెట్టించండి.

డీలర్లు చెప్పని ముక్క ఒకటుంది. ఎల్పీజీ బర్నరూ సహజవాయువు బర్నరూ పైకి అచ్చం ఒకేలా ఉంటాయి, లోపల గ్యాసు చిమ్మే జెట్ వేరు. ఒకే పరిమాణం వాయువు తీసుకుంటే ఎల్పీజీలో వేడి సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ, అందుకని దాని జెట్ రంధ్రం సన్నగా ఉంటుంది. సహజవాయువు జెట్ ఉన్న బర్నర్‌ని ఎల్పీజీకి తగిలిస్తే మూరెడు పొడవు పసుపు మంట, గదంతా మసి. తిరగేసి తగిలిస్తే బలం లేని పొట్టి మంట. ఆర్డరులో ఏ గ్యాసుకో స్పష్టంగా రాయించండి, వచ్చిన రోజే ఒకటి విప్పి చూడండి.

ఇక ట్యూబు. గ్యాస్ బర్నర్‌తో జరిగే గొడవల్లో నేను చూసినవన్నీ బర్నర్ వల్ల వచ్చినవి కావు, ట్యూబు వల్ల వచ్చినవే. మామూలు ఎర్ర రబ్బరు ట్యూబుని ఎల్పీజీ కొన్నాళ్ళకి గట్టిపరిచేస్తుంది. వేళ్ళ మధ్య పట్టుకుని వంచితే సన్నటి పగుళ్ళు తెరుచుకుంటాయి, ఎండిన పెదవిలాగా. ఐఎస్ఐ ముద్ర ఉన్న ఎల్పీజీ ట్యూబే కొనండి, రెండు కొసలకీ క్లిప్పులు బిగించండి, ట్యూబు మీద ముద్రించిన తేదీ చూసి గడువులోపే మార్చండి. నెలకోసారి కొసల దగ్గర సబ్బునీళ్ళు రాసి, గ్యాసు తెరిచి చూడాలి. బుడగ లేస్తే అక్కడ లీకు ఉన్నట్టు. అగ్గిపుల్లతో వెతికేవాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. వాసన గట్టిగా వస్తే వాల్వు మూసి, కిటికీలు తెరిచి, స్విచ్చులేవీ ముట్టుకోకుండా పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి, ఎల్పీజీ అయితే 1906కి ఫోన్ చెయ్యండి. ఆ నంబరు ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. తలుపు లోపలివైపు పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

వెలిగించే పద్ధతి నేను ప్రతి ఏటా మొదటి క్లాసులో చేసి చూపిస్తాను. బర్నర్ గొట్టం అడుగున ఒక పట్టీ ఉంటుంది, దాన్ని తిప్పితే గాలి రంధ్రం మూసుకుంటుంది. ముందు రంధ్రం మూయాలి. తర్వాత లైటరు గొట్టం అంచున, పక్కనించి, పెట్టాలి. ముఖం పైన వంచకూడదు. నిప్పు ఉన్నాకే గ్యాసు తెరవాలి. చాలామంది పిల్లలు ముందు కుళాయి తెరిచి అగ్గిపెట్టె కోసం వెతుకుతారు, ఈలోపు గ్యాసు పోగవుతుంది. సరిగ్గా చేస్తే మెత్తగా ఊగే పసుపు మంట వస్తుంది. ఇది గిన్నెకి మసి పూస్తుంది, వేడి తక్కువ, కానీ గదిలో ఏ మూల నుంచైనా కనబడుతుంది. పని లేనప్పుడు బర్నర్ ఈ మంట మీదే ఉండాలి. పట్టీ నెమ్మదిగా తిప్పితే పసుపు కిందికి కుంగి, నీలం పైకి వచ్చి, మంట బిగుసుకుని సన్నగా గుర్రుమంటుంది. లోపల లేత నీలపు మొన ఒకటి కనిపిస్తుంది. ఆ మొనకి కాస్త పైన అన్నిటికంటే ఎక్కువ వేడి. రంగు చూడ్డానికి లవణం అంటించిన ప్లాటినం తీగ పెట్టవలసింది అక్కడ, మొన లోపల పెడితే కాలని గ్యాసే తగులుతుంది.

ఒక్కోసారి మంట గొట్టంలోకి దిగిపోయి అడుగున జెట్ దగ్గర కాలుతుంది. గాలి రంధ్రం మరీ ఎక్కువ తెరిచి గ్యాసు తక్కువ వదిలినప్పుడు ఇలా అవుతుంది. టప్ మని చిన్న చప్పుడు, తర్వాత ఈలలాంటి శబ్దం, పైన మంట ఆకుపచ్చగా పలచబడిపోతుంది. పిల్లలు "ఆరిపోయింది మిస్" అని గొట్టం పట్టుకోబోతారు. అప్పటికి గొట్టం కాలిపోతూ ఉంటుంది. కుళాయి మూసి, చల్లారేదాకా ఆగి, రంధ్రం మూసి మళ్ళీ వెలిగించాలి. ఈ చప్పుడుని నేను కావాలనే ఒకసారి తెప్పించి వినిపిస్తాను. విన్నవాళ్ళు మర్చిపోరు.

రోజు ముగిసేటప్పుడు ముందు బయట సిలిండర్ వాల్వు మూసి, పైపులో మిగిలిన గ్యాసు ఒక బర్నర్‌లో కాలిపోయి మంట తనంతట తానే ఆరేదాకా చూసి, తర్వాత కుళాయిలు కట్టేయాలి. ఇది అటెండరు పని, కానీ టీచరు పక్కన నిలబడాలి.

క్యాన్ బర్నర్లు

ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్యూటేన్ క్యాన్ బర్నర్ ట్రెక్కింగ్‌కి బాగుంటుంది. ల్యాబులో మాత్రం మళ్ళీ ఇంధనం మంట కిందికే వచ్చేసింది, ఈసారి ఒత్తిడిలో ఉన్న డబ్బాలో. ట్రైపాడ్ మీద వెడల్పాటి గిన్నె పెడితే వేడి కిందికి తిరిగి డబ్బాకి తగులుతుంది. పిల్లల ల్యాబుకి కొనకండి.

కరెంటుతో వేడి

పదో తరగతి దాకా ప్రయోగాల జాబితా తీసి చూస్తే సగానికి పైగా నీళ్ళు మరిగిస్తే చాలు. దానికి మంట ఎందుకు?

ఆకులో పిండిపదార్థం పరీక్ష తీసుకోండి. ఆకుని ముందు నీళ్ళలో ఉడికించి, తర్వాత ఆల్కహాల్‌లో వేసి ఆకుపచ్చ రంగు లాగేసి, అయొడిన్ వేస్తాం. ఆల్కహాల్ ఉన్న బీకరుని నేరుగా బర్నర్ మీద పెట్టే టీచర్లు ఉన్నారు, ఆ మాట తలచుకుంటేనే నాకు గుండె ఝల్లుమంటుంది. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. మన బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అయినా ఈ పనికి ఆ వేడి చాలాచాలా ఎక్కువ. కెటిల్‌లో కాచిన నీళ్ళు బీకరులో పోసి, అందులో ఆల్కహాల్, ఆకు ఉన్న టెస్ట్ ట్యూబు నిలబెట్టండి. కాసేపటికి ట్యూబులో చిన్న బుడగలు లేస్తాయి, ఆకు అంచుల నుంచి పచ్చదనం దారాల్లా జారి ఆల్కహాల్‌లో కలుస్తుంది. నీళ్ళు చల్లబడితే ఒకసారి మార్చండి. గదిలో ఎక్కడా మంట ఉండదు. ఆ పీరియడ్‌లో మెయిన్ వాల్వు మూసే ఉంచుతాను.

ఎక్కువమందికి వేడినీళ్ళు కావాలంటే ఇండక్షన్ స్టవ్, అడుగు చదునుగా ఉన్న స్టీలు గిన్నె చవకలో మంచి వాటర్ బాత్. గాజు బీకరు పెడితే ఇండక్షన్ పనిచెయ్యదు, అది గుర్తుంచుకోండి. నీళ్ళు కాగాక గిన్నెని వేరే బల్ల మీదికి మార్చి, అప్పుడే ఆల్కహాల్ ట్యూబులు పెట్టాలి.

కాయిల్ కనబడకుండా మూసి ఉన్న హాట్ ప్లేట్ నాకు ఇష్టమే, కానీ దాని గురించి రెండు మాటలు. ఎర్రగా కనబడని వేడి పిల్లల్ని ఎక్కువ కాలుస్తుంది. స్విచ్చి ఆపిన అరగంట దాకా నల్లగా, అమాయకంగా కూర్చుని ఉంటుంది. నేను ఒక అట్టముక్క మీద "వేడిగా ఉంది" అని మూడు భాషల్లో రాసి దాని ముందు నిలబెడతాను. రెండోది, మామూలు హాట్ ప్లేట్ల థర్మోస్టాట్ ఆగి వెలిగినప్పుడల్లా లోపల నిప్పురవ్వ పుట్టొచ్చు, అందుకే ఆల్కహాల్ దాని మీద కూడా నేరుగా వద్దు. బయటికి కాయిల్ కనబడే స్టవ్ అయితే అసలు ల్యాబులోకే రానివ్వను.

వైరింగు సంగతి వదిన భర్త, అంటే మా అన్నయ్య, లెక్క వేశాడు. ఒక్కో ప్లేటు 1500 వాట్లు అనుకుంటే ఆరు కలిపి 9000 వాట్లు, దాదాపు 39 ఆంపియర్లు. పాత గది లైను అది మోయలేదు. విడిగా కేబులు లాగి, 16 ఆంపియర్ల సాకెట్లు, సరైన ఎర్త్, కరెంటు లీకైతే లైను తెగ్గొట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఇంతా కలిపితే ఖర్చు గ్యాసు లైనుకంటే తక్కువేం కాదు. కెటిల్, ఒక ఇండక్షన్ స్టవ్, రెండు హాట్ ప్లేట్లు చాలన్నాను.

తరగతిని బట్టి

ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లల చేతికి మంట ఇవ్వను. వేడినీళ్ళు వాళ్ళకి, మంట టీచరు బల్ల మీద, అదీ రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి.

తొమ్మిది, పది తరగతుల దగ్గరే అసలు తర్జనభర్జన. మెగ్నీషియం రిబ్బన్ కాల్చడం, ఫెర్రస్ సల్ఫేట్ వేడి చేయడం, లెడ్ నైట్రేట్ వేడి చేయడం అన్నీ పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ మొదటి పాఠంలోనే ఉన్నాయి, వీటికి మంట కావాలి. పుస్తకం ల్యాంపైనా బర్నరైనా సరే అంటుంది. నేను నలుగురికొక బర్నర్ ఇస్తాను. ఫెర్రస్ సల్ఫేట్ వాళ్ళతో చేయిస్తాను, పుస్తకంలో చెప్పిన రెండు గ్రాముల్లో నాలుగోవంతు చాలు, రంగు మారడం బాగానే కనిపిస్తుంది. ట్యూబు మూతి ఎవరి వైపూ ఉండకూడదు. లెడ్ నైట్రేట్ నుంచి గోధుమరంగు విషవాయువు వస్తుంది, అది నేనే, పొగని బయటికి లాగేసే అద్దాల గూడు, అంటే ఫ్యూమ్ కప్‌బోర్డులో చేసి చూపిస్తాను. ఫ్యూమ్ కప్‌బోర్డు లేని స్కూలు దాన్ని వదిలేసి వీడియో చూపించినా నష్టం లేదు. మెగ్నీషియం వెలుగుని నేరుగా చూడకూడదని ముందే చెప్పాలి, చెప్పకపోతే అందరూ అదే చేస్తారు.

పదకొండు, పన్నెండుకి ఒక్కొక్కరికీ ఒక బర్నర్.

ఏ తరగతికైనా జడ ముడి, చున్నీ పిన్ను, కళ్ళద్దాలు తప్పవు. బున్సెన్ అంతటివాడికే ఒక ప్రయోగశాల పేలుడులో కుడికన్ను చూపు పోయింది. మన ఊరి పిల్లలకి ఇంకొకటి కలపాలి, స్వెటరు. జూన్ నుంచి జనవరి దాకా సగం క్లాసు యాక్రిలిక్ స్వెటర్లలో వస్తుంది. చెయ్యి చివర వదులుగా ఉండే ఆ అల్లిక మంట తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. తలుపు దగ్గర కొక్కేలు కొట్టించి, లోపలికి వచ్చేముందు స్వెటర్లు అక్కడ తగిలించమనండి. చలిగా ఉందంటారు, ఫ్యాను ఎలాగూ ఆపేస్తాం కాబట్టి అంత చలి ఉండదు.

కాలితే పారే చల్లటి నీళ్ళ కింద 20 నిమిషాలు, గడియారం చూసి. టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏవీ పుయ్యకూడదు. మా అటెండరు చెయ్యి ఆ రోజు నీళ్ళ కింద పెట్టించింది పక్క గదిలోని బయాలజీ మేడమ్. నాకు అప్పటికి అది కూడా తెలీదు. సింకు లేని ల్యాబుకి బర్నర్లు కొనడానికి నా మనసు ఒప్పుకోదు.

చివరికి వదిన రాసుకున్న జాబితా ఇది: ఎల్పీజీ జెట్ ఉన్న బర్నర్లు పది, ముద్ర ఉన్న ట్యూబులు పన్నెండు, కెటిల్ ఒకటి, ఇండక్షన్ ఒకటి, హాట్ ప్లేట్లు రెండు, ఫైర్ బ్లాంకెట్, మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్, ఇసుక బక్కెట్లు. వాళ్ళ రోడ్డుకి పైపు గ్యాసు ఇంకా రాలేదు. పాత ల్యాంపులు పన్నెండూ ఏం చెయ్యాలని అడిగింది. స్పిరిట్ తీసేసి, బుడ్డీలు ఆరబెట్టి, ఒత్తులు పారేసి, ఖాళీగా అద్దాల అల్మారాలో పెట్టమన్నాను.

గది నుంచి బయటికి వస్తూ కాంట్రాక్టరు గీసిన ప్లాను ఇంకోసారి తెరిచాను. మెయిన్ వాల్వు స్టోర్ రూములో, అల్మారా వెనక గీసి ఉంది. ఆ గదికి తాళం ఉంటుంది, తాళంచెవి ఆఫీసులో ఉంటుంది. టీచరు బల్ల దగ్గర, తలుపు పక్కన, నా భుజం ఎత్తులో గోడ మీద చాక్‌పీసుతో గుండ్రంగా గీసి, "వదినా, వాల్వు ఇక్కడికి వచ్చేదాకా గ్యాసు కనెక్షన్‌కి సంతకం పెట్టకండి" అన్నాను. మా అన్నయ్య అక్కడే నిలబడి కాంట్రాక్టరుకి ఫోన్ చేశాడు.